జీఎఫ్‌పీ వెలుగుతోంది, రిసెప్టర్ బ్యాండ్ రావడం లేదు: ఎక్స్‌ప్రెషన్ ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హెచ్‌ఈకే293టీ కణాలు, 6 వెల్స్ ప్లేటు. పీసీడీఎన్‌ఏ3.1 అనే ప్లాస్మిడ్ వెక్టర్‌లో సీఎంవీ ప్రమోటర్ కింద 1.3 కేబీ (1,300 బేసుల) రిసెప్టర్ జన్యువు, ప్రోటీన్ చివర ఫ్లాగ్ ట్యాగ్. పొరను ఏడుసార్లు దాటే జీపీసీఆర్ అది. వెల్‌కు 2 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ, పీఈఐ అనే పాలిమర్‌తో ట్రాన్స్‌ఫెక్షన్, అంటే డీఎన్‌ఏను కణాల్లోకి పంపడం. పక్క వెల్‌లో జీఎఫ్‌పీ (పచ్చగా వెలిగే ప్రోటీన్) ప్లాస్మిడ్ పెడితే 80 శాతం కణాలు పచ్చగా వెలిగాయి. రిసెప్టర్‌కు మాత్రం 48 గంటల తర్వాత వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రోటీన్‌ను గీతగా చూసే పరీక్ష) అసలు సైజు దగ్గర లీలగా ఒక గీత, జెల్ పైభాగాన మసక. డీఎన్‌ఏను 4 మైక్రోగ్రాములకు పెంచితే బ్యాండ్ పెరగలేదు, కణాలు చచ్చి తేలాయి. ఇప్పుడేం చేయాలి?

ముందు డీఎన్‌ఏను మళ్లీ 2 మైక్రోగ్రాములకు దించండి. మీకు డీఎన్‌ఏ కొరత లేదు, లెక్క చూడండి. వెక్టరూ ఇన్సర్టూ కలిపి 6.7 కేబీ. ఆ సైజు ప్లాస్మిడ్ 2 మైక్రోగ్రాములంటే దాదాపు 28 వేల కోట్ల కాపీలు. వెల్‌లో 10 లక్షల కణాలున్నాయనుకుంటే ఒక్కో కణం వాటాకు 2.7 లక్షలకు పైగా వస్తాయి. కేంద్రకం దాకా చేరేది అందులో కొద్ది భాగమే అయినా, 293టీలో ఉన్న ఎస్‌వీ40 లార్జ్ టీ యాంటిజెన్ పీసీడీఎన్‌ఏ3.1లోని ఎస్‌వీ40 ఓరి (కాపీలు మొదలయ్యే చోటు) దగ్గర పట్టుకుని ఆ కాస్తను మళ్లీ పెంచుతుంది. పక్క వెల్‌లో 80 శాతం పచ్చగా ఉన్నాయంటే గుమ్మం దాటడం సరిగ్గానే జరుగుతోంది. ఆగుతున్నది లోపల: ఎంఆర్‌ఎన్‌ఏ తయారీలోనో, అనువాదంలోనో, ప్రోటీన్ మడతపడే చోటో, లేదా అసలు కణంలో కాకుండా మీ శాంపిల్ ట్యూబులోనో. ఆ చోటు తెలియకుండా ప్రమోటర్ మార్చడం, రీఏజెంట్ మార్చడం డబ్బు దండగ.

ఇంకో మాట. జీఎఫ్‌పీతో మీ రిసెప్టర్‌ను పోల్చడం న్యాయం కాదు. ఈజీఎఫ్‌పీ 720 బేసుల చిన్న జన్యువు. ప్రోటీన్ సైటోప్లాజంలో తనంతట తానే మడతపడుతుంది, అర్ధాయువు 24 గంటలు దాటుతుంది కాబట్టి రోజురోజుకూ పోగుపడుతుంది. మీ రిసెప్టర్ ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులం) పొరలో దిగాలి, చక్కెర గొలుసులు తగిలించుకోవాలి, గాల్జీ దాటి పైకి రావాలి. పైగా చాలామంది జీఎఫ్‌పీ కంట్రోల్‌ను వేరే వెక్టర్‌లో పెడతారు. మీ రిసెప్టర్ ఉన్న అదే బ్యాక్‌బోన్‌లో, అదే కటింగ్ సైట్ల మధ్య జీఎఫ్‌పీ పెట్టి కంట్రోల్ చేసుకోండి. అప్పుడే ఆ పోలికకు అర్థం ఉంటుంది.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట "జెల్ పైభాగాన మసక". జీపీసీఆర్‌ల విషయంలో మొట్టమొదట అనుమానించాల్సింది శాంపిల్ మరిగించడాన్ని. లోడింగ్ బఫర్ కలిపి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు పెట్టడం అందరికీ అలవాటు. మామూలు ప్రోటీన్లకు అది మంచిదే. పొరను చాలాసార్లు దాటే ప్రోటీన్‌ను అలా మరిగిస్తే, నీటికి గిట్టని భాగాలు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. ఆ ముద్ద జెల్‌లోకి దిగదు. వెల్ అంచునో స్టాకింగ్ జెల్‌లోనో ఇరుక్కుంటుంది, మెంబ్రేన్ మీదకు రాదు. ప్రోటీన్ నిండుగా ఉన్నా మీకు కనిపించదు.

ఒకే లైసేట్‌ను (పగలగొట్టిన కణాల ద్రవాన్ని) మూడు ట్యూబుల్లో పంచండి. మూడింట్లోనూ డీటీటీ 100 మిల్లీమోలార్ ఉండాలి. ఒకదాన్ని 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, రెండోదాన్ని 50 డిగ్రీల్లో 10 నిమిషాలు, మూడోదాన్ని అలవాటు ప్రకారం 95లో ఉంచి పక్కపక్క లేన్లలో 20 నుంచి 30 మైక్రోగ్రాములు నడపండి. మెంబ్రేన్ పైభాగం కోసి పారేయకండి, వెల్స్ గీత దాకా డెవలప్ చేయండి. మొదటి లేన్‌లో బ్యాండ్ లావుగా వచ్చి మూడో లేన్‌లో పైన మసక మాత్రమే మిగిలితే మీ సమస్యలో సగం అక్కడే తీరింది.

లైసిస్ కూడా చూసుకోండి. 1 శాతం డీడీఎం లేదా ట్రైటాన్ ఎక్స్-100 డిటర్జెంట్, ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు, 4 డిగ్రీల్లో ఒక గంట తిప్పడం, తర్వాత 15,000 జీ దగ్గర 15 నిమిషాల స్పిన్. అడుగున మిగిలిన పెల్లెట్‌ను పారేయకండి. సూపర్‌నేటెంట్ ఎంత వాల్యూమో అంతే లోడింగ్ బఫర్‌లో దాన్ని కలిపి పక్క లేన్‌లో వేయండి. బ్యాండ్ పెల్లెట్‌లో ఉంటే ఎక్స్‌ప్రెషన్ బాగానే ఉన్నట్టు, మీ డిటర్జెంట్ దాన్ని కరిగించలేదన్నట్టు. ఇన్హిబిటర్ టాబ్లెట్ కరిగించిన బఫర్‌ను వారాల తరబడి ఫ్రిజ్‌లో పెట్టి వాడకండి. పీఎంఎస్‌ఎఫ్ అయితే నీటిలో గంటల్లోనే చచ్చిపోతుంది, లైసిస్‌కు ముందు అప్పటికప్పుడు కలపాలి.

శాంపిల్ సరిచేశాక కూడా బ్యాండ్ తక్కువే ఉంటే, ఎంఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో చూడాలి. ఇక్కడ చాలామంది ఒక గోతిలో పడతారు. ట్రాన్స్‌ఫెక్ట్ చేసిన కణాల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో ప్లాస్మిడ్ విపరీతంగా కలిసి వస్తుంది. మీ జన్యువు సీడీఎన్‌ఏ కాబట్టి ఇంట్రాన్ మీదుగా ప్రైమర్లు పెట్టుకునే వీలు ఉండదు. ప్రైమర్ ప్లాస్మిడ్‌నూ ఎంఆర్‌ఎన్‌ఏనూ ఒకేలా పెంచుతుంది. క్యూపీసీఆర్‌లో సీటీ (సంకేతం కనిపించడం మొదలయ్యే సైకిల్ సంఖ్య) 14 వచ్చిందని సంతోషపడితే అది ప్లాస్మిడ్ సంతకం కావచ్చు. కాలమ్ మీద ఒకసారి, ఎల్యూట్ చేశాక ట్యూబులో మరోసారి డీఎన్‌ఏజ్ వేయండి. ప్రతి శాంపిల్‌కు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని జంట తప్పనిసరి. ఆ రెండింటి మధ్య సీటీ తేడా కనీసం 7 ఉంటే, మీరు చూస్తున్న సంకేతంలో ప్లాస్మిడ్ వాటా ఒక శాతంలోపే. తేడా 2 లేదా 3 మాత్రమే ఉంటే ఆ అంకెను నమ్మకండి, డీఎన్‌ఏజ్ మళ్లీ చేయండి.

దానితో పాటే ఇంకో ట్యూబు పెట్టండి: ఓఆర్‌ఎఫ్ (కోడింగ్ భాగం) రెండు కొసల నుంచి ప్రైమర్లతో మామూలు పీసీఆర్. 1.3 కేబీ దగ్గర ఒక్క బ్యాండ్ రావాలి. 900 దగ్గరో 600 దగ్గరో పొట్టి బ్యాండ్ కనిపిస్తే మీ సీడీఎన్‌ఏ లోపల దొంగ స్ప్లైస్ సైట్ ఉంది, కణం మధ్య ముక్కను కోసేస్తోంది. పొట్టి బ్యాండ్‌ను జెల్ నుంచి కోసి సీక్వెన్స్ చేస్తే ఎక్కడ తెగిందో తెలుస్తుంది. కోడాన్ ఆప్టిమైజ్ చేయించి కొన్న సింథటిక్ జన్యువుల్లోనూ ఇది జరుగుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందే జీటీఏఏజీటీ లాంటి డోనర్ సైట్లు, లోపలి ఏఏటీఏఏఏ పాలీఏ సంకేతాలు తీసేయమని అడగాలి.

ఎంఆర్‌ఎన్‌ఏ నిండుగా ఉండి ప్రోటీన్ లేకపోతే ఇన్సర్ట్ మొదటి 50 బేసులను కాగితం మీద రాసుకుని వేలు పెట్టి చదవండి. ఏటీజీ ముందు కోజాక్ క్రమం (రైబోజోమ్‌కు మొదలుపెట్టే చోటు చూపే బేసులు) ఉందా? జీసీసీఏసీసీ, ఆ తర్వాత ఏటీజీ, దాని వెంటనే జీ. ఇందులో ప్రాణం రెండు చోట్ల ఉంది: ఏటీజీలోని ఏను +1గా లెక్కిస్తే -3 దగ్గర ఏ లేదా జీ, +4 దగ్గర జీ. +4 కోసం రెండో అమైనో ఆమ్లాన్ని మార్చాల్సి వస్తే మార్చకండి, -3 సరిగ్గా ఉంటే చాలావరకు చాలు. అంతకంటే ప్రమాదం, ప్రమోటర్‌కూ మీ ఏటీజీకీ మధ్య ఇంకో ఏటీజీ ఉండటం. పాత వెక్టర్ నుంచి మల్టిపుల్ క్లోనింగ్ సైట్‌ను దాటిస్తూ వచ్చిన ఇన్సర్ట్‌ల ముందు ఇలాంటి తోక తరచూ ఉంటుంది. ఎన్‌సీఓ1 సైటు సీసీఏటీజీజీ, ఎన్‌డీఈ1 సైటు సీఏటీఏటీజీ. వాటిలోనే ఏటీజీ ఉంది. రైబోజోమ్ అక్కడ మొదలుపెట్టి వేరే ఫ్రేమ్‌లో వెళ్లిపోతే అసలు ప్రోటీన్ దక్కదు. జన్యువు సొంత 5' యూటీఆర్, 3' యూటీఆర్ (ప్రోటీన్‌గా మారని ముందు, వెనక భాగాలు) రెండూ తీసేసి కోడింగ్ భాగం ఒక్కటే ఉంచండి. 5' యూటీఆర్‌లో జీసీ ఎక్కువైతే గట్టి మడతలు పడి రైబోజోమ్‌ను ఆపుతాయి. 3' యూటీఆర్‌లోని ఏయూ ఎక్కువున్న భాగాలు ఎంఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు తగ్గిస్తాయి. ప్లాస్మిడ్ మొత్తాన్ని నానోపోర్ పద్ధతిలో ఒకసారి సీక్వెన్స్ చేయించండి. రెండు శాంగర్ రన్నులతో కొసలు మాత్రమే చూసి సరిపెట్టుకుంటే మధ్యలో జారిన ఒక్క బేసు తెలియదు.

ఎంఆర్‌ఎన్‌ఏయే తక్కువగా ఉంటే అప్పుడు వెక్టర్ గురించి ఆలోచించండి. 293టీలో సీఎంవీ ఇప్పటికే చాలా బలమైన ప్రమోటర్. దాన్ని ఈఎఫ్‌1 ఆల్ఫాతో మారిస్తే అద్భుతం జరగదు. ప్రమోటర్ మార్పు పనికొచ్చేది ఎంబ్రియోనిక్ స్టెమ్ సెల్స్ లాంటి చోట, అక్కడ సీఎంవీ త్వరగా మూగబోతుంది, సీఏజీ గానీ ఈఎఫ్‌1 ఆల్ఫా గానీ నిలుస్తాయి. మీకు ఎక్కువ లాభం ఇచ్చేవి రెండు చేర్పులు. ఒకటి, ప్రమోటర్‌కూ ఏటీజీకీ మధ్య ఇంట్రాన్. పీసీడీఎన్‌ఏ3.1లో అది లేదు, పీసీఐ-నియోలో ఉంది. స్ప్లైసింగ్ జరిగిన ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకం నుంచి తేలిగ్గా బయటికొస్తుంది. రెండోది డబ్ల్యూపీఆర్‌ఈ, ఎక్స్‌ప్రెషన్‌ను పెంచే దాదాపు 600 బేసుల వైరస్ ముక్క. స్టాప్ కోడాన్ తర్వాత, పాలీఏ సంకేతానికి ముందు, సరైన దిశలోనే పెట్టాలి. తిరగేసి పెడితే పని చేయదు.

ఇక జీపీసీఆర్‌ల అసలు ఇరుకు దారి ఈఆర్. మీ కేసులో నా అనుమానం శాంపిల్ తర్వాత ఇక్కడే. దీన్ని తేల్చడానికి ఎండో హెచ్, పీఎన్‌జీఏజ్ ఎఫ్ ఎంజైమ్‌లు చాలు. లైసేట్‌ను మూడు భాగాలు చేసి ఒకటి అలాగే ఉంచి, మిగతా రెండింటికీ ఒక్కో ఎంజైమ్ వేసి 37 డిగ్రీల్లో గంట ఉంచండి. కిట్‌తో ఇచ్చే సూచనల్లో ముందు 100 డిగ్రీల్లో డీనేచర్ చేయమని ఉంటుంది. మీ ప్రోటీన్‌కు ఆ మెట్టు వదిలేయండి, కారణం పైన చెప్పాను. పీఎన్‌జీఏజ్ ఎఫ్ ఎన్-లింక్డ్ చక్కెర గొలుసులన్నిటినీ కోస్తుంది కాబట్టి బ్యాండ్ కిందికి దిగడం సహజం, మసక కూడా ఒక గీతగా కుదురుకుంటుంది. ఎండో హెచ్ మాత్రం గాల్జీలో ఇంకా మారని గొలుసులనే కోస్తుంది. దానికి కూడా అంతే కిందికి దిగితే మీ రిసెప్టర్ ఇంకా ఈఆర్‌లోనే ఉంది, గాల్జీ దాటలేదు. ఎండో హెచ్‌కు లొంగని పైబ్యాండ్ ఉంటే అది పైపొరకు వెళ్తున్న మంచి ప్రోటీన్. (ఎన్-గ్లైకోసైలేషన్ సైటు లేని రిసెప్టర్‌కు ఈ పరీక్ష వర్తించదు, సీక్వెన్స్‌లో ఎన్-ఎక్స్-ఎస్ లేదా ఎన్-ఎక్స్-టీ ఉందో ముందే చూసుకోండి.) ఒక వెల్‌కు కోతకు (కణాలను సేకరించడానికి) ముందు, ప్రోటియాజోమ్‌ను ఆపే ఎంజీ132ను 10 మైక్రోమోలార్ చొప్పున 4 నుంచి 6 గంటలు ఇవ్వండి. బ్యాండ్ లావెక్కితే, తప్పుగా మడతపడిన ప్రోటీన్‌ను కణం ప్రోటియాజోమ్‌కు పంపి నాశనం చేస్తోందని అర్థం. అలాంటప్పుడు డీఎన్‌ఏ పెంచితే ఈఆర్ మీద బరువు పెరుగుతుంది, కణం చస్తుంది. మీ 4 మైక్రోగ్రాముల వెల్‌లో జరిగిందిదే కావచ్చు.

ఈఆర్ దగ్గర ఆగినప్పుడు పనికొచ్చేవాటిలో నేను మొదట చెప్పేది సిగ్నల్ పెప్టైడ్. చాలా జీపీసీఆర్‌లకు సొంత సిగ్నల్ పెప్టైడ్ ఉండదు. ఇన్‌ఫ్లూయెంజా హీమాగ్లుటినిన్ సిగ్నల్ పెప్టైడ్‌ను ముందు తగిలిస్తే బీటా2 అడ్రినర్జిక్ రిసెప్టర్ పొరలోకి మెరుగ్గా దిగుతుందని బ్రయన్ కోబిల్కా బృందం 1992లోనే చూపింది. 16 అమైనో ఆమ్లాలు: ఎంకేటీఐఐఏఎల్ఎస్‌వైఐఎఫ్‌సీఎల్‌వీఎఫ్ఏ. వెంటనే ఫ్లాగ్, తర్వాత రిసెప్టర్. పెప్టైడ్ తెగిపోయాక ఫ్లాగ్ కణం బయట తేలుతుంది. దానివల్ల ఇంకో పెద్ద సౌకర్యం: కణాలను పర్మియబిలైజ్ చేయకుండా, బతికుండగానే మంచు మీద యాంటీ-ఫ్లాగ్‌తో 30 నిమిషాలు స్టెయిన్ చేసి ఫ్లో సైటోమెట్రీలో పైపొర ఎక్స్‌ప్రెషన్ ఒక్కటే కొలవచ్చు. చివరి ట్యాగ్‌తో అది కుదరదు. మీకు కావలసింది పనిచేసే రిసెప్టర్ అయితే వెస్టర్న్ కంటే ఈ అంకె ముఖ్యం.

తర్వాత ఉష్ణోగ్రత. ట్రాన్స్‌ఫెక్షన్ అయిన 24 గంటలకు ప్లేటును 37 నుంచి 32 డిగ్రీలకు మార్చి, 48 కాకుండా 72 గంటలకు కోయండి. తయారీ నెమ్మదిస్తుంది, మడతకు సమయం దొరుకుతుంది. రెండో ఇంక్యుబేటర్ లేకపోతే ఎవరిదైనా అడిగి తీసుకోవడం మేలు. సీఓ2 లేని ఓవెన్‌లో పెడితే మీడియం ఊదారంగుకు తిరిగి అంతా పాడవుతుంది. మీ రిసెప్టర్‌కు కణంలోకి దూరే యాంటగనిస్ట్ ఉంటే 24వ గంట నుంచి మీడియంలో కలపండి. ఈఆర్‌లోని రిసెప్టర్‌కు అది ఊతకర్రలా పట్టి నిలబెడుతుంది. కోతకు ముందు బాగా కడిగేయాలి, లేకపోతే బైండింగ్ అస్సే దెబ్బతింటుంది.

సోడియం బ్యుటిరేట్ గురించి అందరూ అడుగుతారు. హెచ్‌డీఏసీలను (డీఎన్‌ఏను బిగుతుగా చుట్టించే ఎంజైమ్‌లను) అడ్డుకుని సీఎంవీ నుంచి ట్రాన్స్‌క్రిప్షన్ పెంచుతుంది. 1 మోలార్ స్టాక్ నుంచి 2 మిల్లీలీటర్ల వెల్‌కు 10 మైక్రోలీటర్లు వేస్తే 5 మిల్లీమోలార్. డీఎన్‌ఏతో పాటు వేయకూడదు, 16 నుంచి 24 గంటల తర్వాతే. హరగోవింద్ ఖొరానా ప్రయోగశాల 2002లో హెచ్‌ఈకే293ఎస్ స్థిర కణాల్లో రోడాప్సిన్ తయారీకి టెట్రాసైక్లిన్‌తో పాటు బ్యుటిరేట్ వాడింది. కానీ అది ఎంఆర్‌ఎన్‌ఏను పెంచే మందు. ఈఆర్ దగ్గర ఇరుక్కున్న ప్రోటీన్‌కు ఒక్క బ్యుటిరేట్ ఇస్తే గుంపు పెరుగుతుందే తప్ప దారి వెడల్పవదు. ముందు ఎండో హెచ్ ఫలితం చూడండి.

డీఎన్‌ఏ మోతాదును కూడా ఒకసారి సరిగ్గా తేల్చుకోండి, మీరు చేసినట్టు పైకి కాదు, కిందికి. రిసెప్టర్ ప్లాస్మిడ్ 100, 250, 500, 1000, 2000 నానోగ్రాములు. ప్రతి వెల్‌లో మొత్తం 2 మైక్రోగ్రాములయ్యేలా మిగతాది సీఎంవీ లేని పీయూసీ19 ప్లాస్మిడ్‌తో నింపండి. మొత్తం డీఎన్‌ఏ మారితే పీఈఐ నిష్పత్తి, రేణువుల సైజు మారి ఫలితం కలగాపులగం అవుతుంది. నింపడానికి ఖాళీ పీసీడీఎన్‌ఏ3.1 వాడకండి, దాని సీఎంవీ కూడా అవే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల కోసం పోటీ పడుతుంది. మడత కష్టమైన ప్రోటీన్లకు 500 నానోగ్రాముల దగ్గర పైపొర ఎక్స్‌ప్రెషన్ 2000 కంటే మెరుగ్గా ఉండటం అరుదేమీ కాదు.

ట్రాన్స్‌ఫెక్షన్ విషయంలో మీకు 80 శాతం వస్తోంది కాబట్టి ఎక్కువ చెప్పను. కానీ ఆ అంకె వారం వారం మారుతుంటే ఇవి చూడండి. ముందురోజు సాయంత్రం వెల్‌కు 6 లక్షల కణాలు వేసి, ప్లేటును గుండ్రంగా తిప్పకుండా ముందుకు వెనక్కి, ఎడమకు కుడికి కదిపి, బెంచి మీద 10 నిమిషాలు కదలకుండా ఉంచి అప్పుడు ఇంక్యుబేటర్‌లో పెట్టండి. గుండ్రంగా తిప్పితే కణాలన్నీ మధ్యలో కుప్ప పడతాయి. కుప్పలో లోపలున్నవాటికి డీఎన్‌ఏ అందదు, అంచునున్నవి విషానికి చస్తాయి. మర్నాడు 70 నుంచి 80 శాతం నిండి ఉండాలి. 2 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ 100 మైక్రోలీటర్ల సీరం లేని డీఎంఈఎంలో, 1 మిల్లీగ్రాము/మిల్లీలీటర్ పీఈఐ 6 మైక్రోలీటర్లు ఇంకో 100లో కలిపి, రెండూ ఒకటి చేసి 15 నిమిషాలు ఉంచండి. అరగంట వదిలేస్తే రేణువులు పెరిగి కణాల మీద ఇసుకలా పడతాయి. వేసేటప్పుడు వెల్ గోడ పక్కగా చుక్కలు చుక్కలుగా వేయండి. 293టీ కణాలు ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకోవు, ధార నేరుగా పడితే దుప్పటి మడిచినట్టు పొర లేచి వస్తుంది. యాంటీబయాటిక్ లేని మీడియం వాడండి, 5, 6 గంటల తర్వాత మార్చండి.

ప్లాస్మిడ్‌ను 0.8 శాతం అగరోజ్ మీద 200 నానోగ్రాములు నడిపి చూడండి. ఎక్కువ భాగం సూపర్‌కాయిల్డ్‌గా ఉండాలి. అడుగున ఆర్‌ఎన్‌ఏ మేఘం కనిపిస్తే మీ నానోడ్రాప్ అంకె అబద్ధం, మీరు 2 మైక్రోగ్రాములనుకున్నది అందులో సగం కావచ్చు. 260/280 నిష్పత్తి దీన్ని పట్టించదు, ఆర్‌ఎన్‌ఏ కూడా 260 దగ్గరే వెలుగు పీలుస్తుంది. ఎస్‌టీబీఎల్3 స్ట్రెయిన్‌లో పెంచితే అందులో ఎండోన్యూక్లియేజ్ ఏ ఉంటుంది, కిట్‌లో ఐచ్ఛికం అని రాసిన వాష్‌ను వదలకూడదు. మీ ప్లాస్మిడ్‌కు డీహెచ్5 ఆల్ఫా చాలు. మైకోప్లాస్మా (కణాల కల్చర్‌కు సోకే సూక్ష్మ బాక్టీరియా) పీసీఆర్ నెలకొకసారి చేయండి. అది సోకిన కణాలు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ ఎక్స్‌ప్రెషన్‌ను మింగేస్తాయి, ఏ రీఏజెంటూ దాన్ని సరిచేయలేదు.

చివరగా, మీరు జీ418 (నియోమైసిన్ లాంటి మందు) పెట్టి స్టేబుల్ లైన్ (జన్యువు శాశ్వతంగా నిలిచిన కణాలు) చేద్దామనుకుంటున్నట్టు రాశారు. 293టీలో అది పనిచేయదు. టీ యాంటిజెన్ పెట్టినప్పుడే ఆ కణాలకు నియోమైసిన్ రెసిస్టెన్స్ జన్యువు వచ్చేసింది. జీ418లో ట్రాన్స్‌ఫెక్ట్ కాని కణాలు కూడా హాయిగా పెరుగుతాయి, మూడు వారాల తర్వాత మీ చేతిలో ఖాళీ లైన్ ఉంటుంది. మామూలు హెచ్‌ఈకే293కి మారండి (పుణెలోని ఎన్‌సీసీఎస్ కణ భాండాగారంలో దొరుకుతుంది), లేదా ప్యూరోమైసిన్ మార్కర్ ఉన్న వెక్టర్ తీసుకోండి. ప్యూరోమైసిన్ 0.5 నుంచి 3 మైక్రోగ్రాములు/మిల్లీలీటర్ మధ్య కిల్ కర్వ్ వేసి, ట్రాన్స్‌ఫెక్ట్ చేయని కణాలన్నీ మూడు, నాలుగు రోజుల్లో చచ్చే కనీస మోతాదు ఎంచుకోండి. ప్లాస్మిడ్‌ను మీ జన్యువుకూ మార్కర్‌కూ తగలని చోట ఒకే ఎంజైమ్‌తో తెంచి సరళరేఖ చేసి వేయండి. రెసిస్టెంట్ కణాలు రాగానే ఫ్లోలో పైపొర ఫ్లాగ్ ఎక్కువున్న పై 5 శాతం వేరుచేసి, తొలి రెండు పాసేజీల్లోనే కనీసం 10 వయల్స్ ఫ్రీజ్ చేయండి. సీఎంవీ మీద మిథైలేషన్ పెరిగి ఎక్స్‌ప్రెషన్ జారడం మొదలయ్యాక ఫ్రీజ్ చేసిన వయల్ ఎన్ని ఉన్నా అక్కరకు రాదు.